ఆరేళ్ల కరాటే, ఎనిమిది నెలల బాక్సింగ్ ముందు నిలవలేదు: లోపం స్టైల్‌దా, నాదా?

గోధుమ_బెల్టు
కరాటేలో ఆరేళ్ల నుంచి ఉన్నాను. బ్రౌన్ బెల్టు. వారానికి మూడు రోజులు, వానొచ్చినా వరదొచ్చినా క్లాసు మానలేదు. మా ఫ్రెండ్ ఒకడు బాక్సింగ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. నాకంటే ఆరు కిలోలు తక్కువ, పెద్ద పొడుగరి కూడా కాదు. "ఊరికే లైట్‌గా ఆడదాం రా, నేను చేతులే వాడతా, నువ్వు కాళ్లు కూడా వాడుకో" అన్నాడు. రెండు నిమిషాల రౌండ్లు మూడు అనుకున్నాం.

సిగ్గు విడిచి చెప్తున్నా. మొదటి పది సెకన్లలోనే ముక్కు మీద జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే గుద్దు) పడింది. గట్టిగా కూడా కాదు, తలుపు తట్టినట్టు తట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా మనిషి మసకబారాడు. కాసేపటికి నాకూ ఒక సందు దొరికింది. లోపలికి దూకి గ్యాకు జుకి (వెనక చేత్తో వేసే గుద్దు) వేశా, పొట్టలో శుభ్రంగా దిగింది. దిగాక నేనేం చేశానో తెలుసా? పిడికిలి నడుం దగ్గరికి లాక్కుని, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డా. ఎవరో "యమే" అని ఆట ఆపుతారని ఎదురుచూస్తున్నట్టు! వాడికేం తెలుసు నాకు పాయింట్ వచ్చిందని? ఆ గ్యాప్‌లో వరసగా మూడు ఇచ్చాడు. మూడోది చెవి పక్కన తగిలి కుయ్‌మంది.

రెండో రౌండ్‌లో నాకు కాళ్లున్నాయన్న సంగతే గుర్తు రాలేదు. మూడోది ఆడలేదు, ఊపిరి అందలేదు.

ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరేనా? స్పారింగ్‌కీ (సాధన కోసం ఇద్దరు తలపడటానికి), నిజంగా గొడవ మీద పడితే నిలబడటానికీ పనికొచ్చే స్టైల్ ఏది? మారిపోవాలా?

జాబ్‌జాబ్‌క్రాస్
ఈ ఎనిమిది నెలల్లో మీ ఫ్రెండ్ మొహం మీద ఎన్ని తిని ఉంటాడో లెక్కేయండి. ఆరేళ్లలో మీరు ఎన్ని తిన్నారో లెక్కేయండి. జవాబు దొరికేస్తుంది.

గోధుమ_బెల్టు
నిజంగా తగిలినవి... నాలుగో అయిదో. మా దగ్గర మొహానికి గట్టిగా తగిలితే కొట్టినవాడికే వార్నింగ్ ఇస్తారు.

జాబ్‌జాబ్‌క్రాస్
మీ ఫ్రెండ్ వారానికి నలభై తింటాడు. ముక్కు మీద పడితే కన్ను మూయకుండా ఉండటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే అండీ. అది పుట్టుకతో ఎవరికీ రాదు.

కాటా_కామేశం
మళ్లీ మొదలు, కరాటేని తిట్టడం. లియోటో మచీడా షోటోకాన్ కరాటే మనిషి కాదా? 2009లో యూఎఫ్‌సీ (అన్ని స్టైళ్లూ కలిపి ఆడే పోటీ) లైట్ హెవీవెయిట్ టైటిల్ కొట్టింది ఆ దూరం, ఆ దూకుడుతోనే కదా. మీ డోజోలో (కరాటే బడిలో) నేర్పింది తక్కువైతే ఆ తప్పు కరాటే మీద వేయకండి. క్యోకుషిన్ కరాటే వాళ్లతో ఒక్కరోజు ఆడి చూడండి, తొడలు పట్టుకుని మెట్లు దిగుతారు.

తెల్లబెల్టు_శాశ్వతం
మచీడా పేరు ఎన్నో పోస్టులో వస్తుందో అని పందెం కాద్దామనుకున్నా. నాలుగో మనిషి దాకా కూడా ఆగలేదు 😂

రెఫరీ_మావయ్య
నేను ఏళ్ల తరబడి పాయింట్ కుమితే (ఇద్దరు తలపడే కరాటే) పోటీల్లో మ్యాట్ మూలన జెండా పట్టుకుని కూర్చున్నవాణ్ణి. తమ్ముడు గోధుమ బెల్టు రాసింది చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధేసింది. దెబ్బ దిగగానే పిడికిలి వెనక్కి లాక్కుని నిలబడ్డావు చూడు, అది నీ తప్పు కాదు. ఆరేళ్లు అలా నిలబడితేనే మాలాంటి వాళ్లం జెండా ఎత్తాం. నిలబడకపోతే పాయింట్ ఇవ్వలేదు. నువ్వు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశావు.

ఏ ఆటకైనా రూలు పెట్టగానే ఆడేవాడి ఒంట్లో ఎక్కడో ఒక కన్నం పడుతుంది. ఒలింపిక్ టైక్వాండోలో మొహానికి చేత్తో కొట్టకూడదు, అందుకే ఆ పిల్లలు చేతులు కిందికి వేలాడేసి ఆడతారు. వాళ్లు తిక్కవాళ్లు కాదు, అక్కడ చేతులెత్తి ఉంచితే ఒరిగేదేమీ లేదు. పైన కామేశం గారు చెప్పిన క్యోకుషిన్‌లో తలకి కాలు వాడొచ్చు, పిడికిలి వాడకూడదు. ఛాతీకి ఛాతీ ఆనించి గుద్దుకుంటారు, అబ్బ, ఆ దమ్ముకి దండం పెట్టాలి, కానీ గడ్డం మాత్రం గాలికి వదిలేసి ఉంటుంది. జూడోలో 2010 నుంచి కాళ్లు పట్టుకోవడం మీద ఆంక్షలు మొదలై 2013కి పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత నేర్చుకున్న పిల్లలు నడుం నిటారుగా పెట్టి నిలబడతారు. కుస్తీ పట్టేవాడికి ఆ కాళ్లు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. బాక్సర్ దెబ్బ తప్పించుకోవడానికి నడుం దగ్గర ముందుకి వంగుతాడు. మోకాళ్లు కూడా వాడే ముయ్ థాయ్ వాడి ముందు అలా వంగితే మోకాలు నేరుగా మొహంలోకే.

మరీ విడ్డూరం కావాలంటే టోక్యో ఒలింపిక్స్ చూడండి. 2021 ఆగస్టు, 75 కిలోల పైన కుమితే ఫైనల్. సౌదీ కుర్రాడు తారెగ్ హమేది 4-1తో ముందున్నాడు. తల మీద కిక్ కొట్టాడు, ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అదుపు లేకుండా కొట్టాడని హమేదిని డిస్‌క్వాలిఫై చేశారు, స్వర్ణం స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి ఇచ్చారు. రూలు ప్రకారం అది సరైన తీర్పే, నేను ఆ కుర్చీలో ఉన్నా అదే ఇచ్చేవాణ్ణి. ఆ రూలు కోసం ఆరేళ్లు తయారైనవాడు బాక్సర్ ముందు ఎలా ఉంటాడో మాత్రం నువ్వు కళ్లారా చూశావు.

గోధుమ_బెల్టు
మావయ్యా, ఇది చదివాక అవమానం కొంచెం తగ్గింది. ముక్కు మాత్రం ఇంకా వాచే ఉంది.

వీధి_పులి
మీరంతా రూళ్ల ఆటల గురించి మాట్లాడుకుంటున్నారు. వీధిలో రెఫరీ ఉండడు. కళ్లలో వేళ్లు పెట్టి, గజ్జల్లో ఒక్క తన్ను, గొంతు మీద ఒకటి. మూడు సెకన్లలో ఖతం. మేం నేర్చుకునే విద్య పోటీల్లో నిషేధం. ఎందుకంటే అది నిజంగా ప్రమాదకరం. స్పారింగ్ చేస్తే అవతలివాడు చచ్చిపోతాడు కాబట్టే చేయం.

నేల_విడిచి_సాము_చేయను
@వీధి_పులి మరి ఇప్పటిదాకా ఎవరి కళ్లలో పొడిచి చూశారు?

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. కదులుతూ, చేతులు అడ్డం పెడుతూ, తిరిగి కొడుతున్న మనిషి కన్ను ఎంత చిన్న గురో ఎప్పుడైనా ప్రయత్నించారా? జాబ్‌తో ముక్కుని అందుకోలేనివాడు వేలితో కంటిని ఎలా అందుకుంటాడు?

జపాన్‌లో ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది. జూడో సృష్టికర్త జిగోరో కానో 1882లో తన బడి కోడోకాన్ మొదలుపెట్టినప్పుడు పాత జుజుత్సులో ఉన్న ప్రమాదకరమైన పట్లని, దెబ్బలని విడిగా కాటాలో (ముందే అనుకున్న వరసలో చేసే అభ్యాసంలో) దాచిపెట్టాడు. పూర్తి బలంతో, ఎదురు తిరిగే మనిషి మీద రోజూ చేయగలిగేవి మాత్రం రందోరిలో (స్వేచ్ఛగా తలపడే సాధనలో) ఉంచాడు. అలా చూస్తే అతని దగ్గర ఆయుధాలు తగ్గాయి. కానీ రోజుకి ముప్పైసార్లు నిజంగా విసిరి, ముప్పైసార్లు నిజంగా పడేవాడు, ప్రాణాంతకమైన పట్టుని గాల్లో అభ్యాసం చేసేవాడి కంటే గట్టిగా తయారయ్యాడు.

(నేను బ్రెజిలియన్ జుజుత్సు, పర్పుల్ బెల్టు. ఆడమనిషిని. "అన్నా" అని రిప్లైలు రాయకండి, అలవాటైపోయింది కానీ విసుగొస్తోంది.)

వీధి_పులి
అక్కా, మా మాస్టర్ ముందు మీ జుజుత్సు పనిచేయదు. ఆయన పట్టుకోనివ్వరు.

నేల_విడిచి_సాము_చేయను
ప్రతి మాస్టరూ పట్టుకోనివ్వరు తమ్ముడూ, పట్టుకునేదాకా.

తెల్లబెల్టు_శాశ్వతం
ఈ లైను టీషర్ట్ మీద వేయించుకుంటా.

కాటా_కామేశం
అక్క చెప్పిన దాంట్లో ఒకటి ఒప్పుకోను. రందోరిలోకి రాని పట్లన్నీ వేస్ట్ అన్నట్టు రాశారు. కాటా లేకపోతే ఆ పట్లు ఈపాటికి ఎవరికీ గుర్తుండేవి కావు. అది ఒక పుస్తకం లాంటిది.

నేల_విడిచి_సాము_చేయను
వేస్ట్ అనలేదండీ. పుస్తకం చదివి ఈత కొట్టలేం అంటున్నా.

ఒంటి_గ్లవ్
ఈ "ఏ స్టైల్ గొప్ప" అన్న ప్రశ్నని ఒకసారి నిజంగానే రింగ్‌లో పెట్టి చూశారు కదా. 1993 నవంబర్ 12, డెన్వర్, మొట్టమొదటి యూఎఫ్‌సీ. సూమో, సవాట్ (ఫ్రెంచ్ కిక్‌బాక్సింగ్), కరాటే, కిక్‌బాక్సింగ్ అందరూ వచ్చారు. బరువు తరగతులు లేవు. గెలిచింది బ్రెజిలియన్ జుజుత్సు మనిషి రాయిస్ గ్రేసీ, చూస్తే కాలేజీ కుర్రాడిలా ఉంటాడు. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక్క చేతికే గ్లవ్ వేసుకుని దిగాడు! గ్రేసీ కింద పడేసి మీద కూర్చున్నాడు, ఇంకా ఏ పట్టూ పట్టకముందే జిమ్మర్సన్ ట్యాప్ చేసేశాడు (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు). ఏం జరుగుతోందో తెలియదు పాపం. నా హ్యాండిల్ ఆయన గౌరవార్థమే.

జాబ్‌జాబ్‌క్రాస్
ఆ ఉదాహరణ పాతబడిపోయింది. ఇప్పుడు బాక్సర్లకి కూడా కింద పడితే లేవడం ఎలాగో తెలుసు. అదీకాక గ్రేసీలు కూడా ఓడారు. 1951లో మరకానా స్టేడియంలో జూడో మనిషి కిమురా, హీలియో గ్రేసీ చెయ్యి మెలిపెడితే వాళ్ల మూలలో ఉన్నవాళ్లే వచ్చి ఆపాల్సి వచ్చింది.

నేల_విడిచి_సాము_చేయను
అవును. ఓడించినవాడి పేరే ఆ పట్టుకి పెట్టుకుని ఇప్పటికీ రోజూ "కిమురా" అనే నేర్పుతున్నాం. ఓటమిని సిలబస్‌లో కలుపుకున్న స్టైల్ ఇంకొకటి చూపించండి.

జాబ్‌జాబ్‌క్రాస్
సరే, ఆ పాయింట్ మీదే.

పట్టు_కుస్తీ
ఇన్ని పోస్టులైనా కుస్తీ గురించి ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. కొట్లాట నిలబడి జరగాలా, నేల మీద జరగాలా అన్నది తేల్చేది కుస్తీవాడే. వాడికి ఇష్టమైతే పడేస్తాడు, ఇష్టం లేకపోతే పడనివ్వడు. మిగతా అందరూ వాడు వేసిన పీట మీద కూర్చోవాల్సిందే. అంతే, నేను పోతున్నా.

మోకాలు_పోయింది
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. జూడో పన్నెండేళ్లు చేశాను. కొన్నాళ్లు రాత్రిపూట ఒకచోట గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం. వీధిలో మూడు సెకన్లలో ఖతం అన్నాడు కదా పైన తమ్ముడు, నా మూడు సెకన్ల సంగతి చెప్తాను.

ఒకతను లోపలికి పోనివ్వలేదని అరుస్తున్నాడు. నేను అతని చేతులనే చూస్తూ మెల్లగా మాట్లాడుతున్నా. అతనితో వచ్చిన రెండోవాడు నా కుడి పక్కకి ఎప్పుడు వచ్చాడో చూడలేదు. దెబ్బ తగిలింది. చప్పుడు మాత్రమే తెలిసింది, నొప్పి తెలియలేదు. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదుటివాడి చొక్కా గుండీ. తెల్ల గుండీ, నాలుగు కన్నాలు. చుట్టూ అరుపులు ఉండే ఉంటాయి, ఒక్కటీ వినపడలేదు. తిరిగి ఒక గుద్దు గుద్దాను, అదీ నాకు రాని విద్య. అతను తల దించాడు, నా పిడికిలి వాడి నుదుటి ఎముక మీద పడింది. చిటికెన వేలి కిందున్న ఎముక పుటుక్కుమంది. డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారట. పేరేమో బాక్సర్లది, తెచ్చుకునేది ఎక్కువగా నాలాంటి వాళ్లే.

అప్పుడు ఒంటికి దానంతట అదే గుర్తొచ్చింది ఒక్కటే: ఓసోతో గారి. కాలర్ పట్టుకున్నా, కాలు వెనక కాలు వేశా, వాడు వెల్లకిలా పడ్డాడు. పన్నెండేళ్లలో నేర్చుకున్న అరవై, డెబ్బై విసుర్లలో ఆ రోజు బయటికొచ్చింది ఆ ఒక్కటి. తెల్లబెల్టు మొదటి నెలలో నేర్పేది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు భయం ఇక్కడే మొదలైంది. మ్యాట్ మీద పడేవాడికి పడటం వచ్చు, గడ్డం ఛాతీకి ఆనించుకుంటాడు. వాడికి రాదు. తల వెనక భాగం సిమెంటు మీద కొట్టుకుంది. ఆ చప్పుడు వేరు, ఒకసారి వింటే మర్చిపోలేరు. వాడు కదల్లేదు. విరిగిన చేత్తో నేనే మోకాళ్ల మీద కూర్చుని వాడి ఊపిరి చూశా. అంబులెన్స్ వచ్చేదాకా పట్టిన సమయం నాకు ఆ కొట్లాట కంటే చాలా పొడుగు. బతికాడు. రెండు రోజుల తర్వాత ఇంటికి పంపించారని తెలిసింది, ఆ రెండు రోజులూ నేను నిద్రపోలేదు. తల మరోలా తగిలి ఉంటే నేను ఈ పోస్టు రాసే చోట ఉండేవాణ్ణి కాదు.

అందుకని ఎవరైనా వీధిలో ఖతం అంటే నాకు ఆ చప్పుడే వినపడుతుంది. అలాంటివాళ్లతో నేను వాదించను.

సైలెంట్_రీడర్22
ఇది చదివి రెండు నిమిషాలు ఏమీ టైప్ చేయలేకపోయా అన్నా.

వీధి_పులి
అన్నా, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు. ఒకటి అడగొచ్చా? ఆ పక్కనుంచి వచ్చినవాణ్ణి చూసి ఉంటే ఏం చేసేవాళ్లు?

మోకాలు_పోయింది
గోడకి వీపు పెట్టి నిలబడేవాణ్ణి. ఇంకొకణ్ణి పిలిచేవాణ్ణి. గేటు వేసేవాణ్ణి. ఏ స్టైలూ కాదు తమ్ముడూ, గేటు.

తెల్లబెల్టు_శాశ్వతం
గేటు-డో. కొత్త మార్షల్ ఆర్ట్. మొదటి బెల్టు నాకే.

జాబ్‌జాబ్‌క్రాస్
చెయ్యి విరగడం గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. మేం గజాల కొద్దీ గుడ్డ చుట్టుకుని, దాని మీద గ్లవ్ వేసుకుని కొడతాం. ఆ ధీమాతోనే తల మీద ఎక్కడైనా కొట్టేస్తాం. ఒట్టి చేతులతో అదే కాంబినేషన్ వేస్తే మూడోదానికి పిడికిలి ఉండదు. రూళ్ల కన్నాల గురించి మావయ్య రాసినప్పుడు మా కన్నం ఇది కూడా కలపాల్సింది.

ఒంటి_గ్లవ్
నేల మీద ఆట గురించి కూడా ఒక మాట. నేను గ్రేసీ అభిమానినే కానీ, అవతల ఇద్దరుంటే ఒకడి మీద కూర్చుని చెయ్యి మెలిపెట్టే పని పెట్టుకోకూడదు. రెండోవాడికి మన తల ఫుట్‌బాల్.

నేల_విడిచి_సాము_చేయను
ఒప్పుకుంటా. మా క్లాసులో కొత్తవాళ్లకి నేను ముందు చూపించేది పట్టు కాదు, లేవడం. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మొహం ముందు, ఒక కాలు వెనక్కి లాక్కుని నిలబడటం. అందంగా ఉండదు, దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అదొక్కటి ఒంటికి పడితే చాలు.

ఇంకో మాట. మా వాళ్లు "బరువు లెక్క కాదు, టెక్నిక్ ముఖ్యం" అని ప్రకటనల్లో వేస్తుంటారు. నేను 54 కిలోలు. 85 కిలోల కొత్త కుర్రాడు ఏమీ తెలియకుండా ఊరికే మీద పడుకుంటే నా పక్కటెముకలు పాట పాడతాయి. వాడికి ఆరు నెలల అనుభవం వస్తే నా ఏడేళ్ల అనుభవం బొటాబొటిగా సరిపోతుంది. బరువు తరగతులు ఊరికే పెట్టలేదు. టెక్నిక్ ఆ తేడాని తగ్గిస్తుంది, చెరిపేయదు. ఆడపిల్లలకి ఇది చెప్పకుండా రెండు రోజుల వర్క్‌షాప్‌లో మణికట్టు విడిపించుకోవడం నేర్పి ఇంటికి పంపేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

గోధుమ_బెల్టు
ఏ స్టైల్ అని అడిగితే గేటు దాకా వచ్చాం 🙂 సరే, స్పారింగ్ కావాలన్నది అర్థమైంది. మా డోజోలో అడిగితే "బ్లాక్ బెల్టు వచ్చాక చూద్దాం" అన్నారు. ఫ్రెండ్ జిమ్‌కి వెళ్తే అక్కడ శనివారం శనివారం దంచుకుంటున్నారు. పోయిన వారం ఒకడు తూలుకుంటూ బయటికొచ్చి వాంతి చేసుకున్నాడు. కాసేపయ్యాక మళ్లీ రింగ్ ఎక్కాడు. మధ్యేమార్గం ఏదైనా ఉందా?

మెల్లగా_కొట్టు
ఆ జిమ్‌కి వెళ్లొద్దు. మొహమాటం లేకుండా చెప్తున్నా. తలకి దెబ్బ తగిలి వాంతి చేసుకున్న మనిషిని అదే రోజు మళ్లీ రింగ్ ఎక్కనిచ్చే చోట ఎవరూ ఏమీ నేర్చుకోరు. మెదడు మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. అతన్ని ముందు డాక్టర్ దగ్గరికి పంపించండి.

ఇది కొత్తగా కనిపెట్టిన భయం కాదు. "పంచ్ డ్రంక్" అనే మాటతో హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే పేపర్ రాశాడు, దెబ్బలు తిని తిని తాగినవాళ్లలా నడిచే బాక్సర్ల గురించి. హెడ్‌గార్డ్ పెట్టుకుంటే ఏం కాదంటారు కొందరు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదలడాన్ని అది ఆపలేదు. 2013లో పెద్దవాళ్ల అమెచ్యూర్ బాక్సింగ్‌లో మగవాళ్లకి హెడ్‌గార్డే తీసేశారు, 2016 రియోలో అది లేకుండానే ఆడారు.

మధ్యేమార్గం ఉంది. మేం చేసేది చెప్తా. 16 ఔన్సుల గ్లవ్స్, అంటే ఒక్కోటి దాదాపు 450 గ్రాములు. మౌత్‌గార్డ్ లేకపోతే ప్యాడ్ల దగ్గరికి కూడా రానివ్వం. మొదటి నెల పూర్తి స్పారింగ్ ఉండదు. ఒకడికి జాబ్ ఒక్కటే అనుమతి, రెండోవాడికి తప్పించుకోవడం ఒక్కటే. రెండు నిమిషాలయ్యాక మార్పు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ జాబ్ వేసేవాడు నిజంగా తగిలించాలని చూస్తాడు, రెండోవాడు నిజంగా తప్పించుకోవాలని చూస్తాడు. మొహం దగ్గరికి పిడికిలి రావడం అలవాటవుతుంది, భయం తగ్గుతుంది, మెదడు భద్రంగా ఉంటుంది. ఆ తర్వాత ఒకడికి చేతులు, ఒకడికి కాళ్లు. తర్వాత ఒకణ్ణి మూలకి నెట్టి, అక్కణ్ణుంచి బయటపడమంటాం. వేగం ఎంతైనా పెంచుకోవచ్చు, బలం మాత్రం తలకి తట్టినంతే. ఒంటికి కొంచెం గట్టిగా పర్వాలేదు. ఎవడైనా బలం పెంచితే నేను అరవను, ఆపి ఆ రౌండ్‌కి నాతో ఆడమంటా. నెలకి ఒకడు తగులుతాడు అలాంటివాడు.

స్పారింగ్ అయ్యాక ఇంటికి వెళ్తూ తలనొప్పి వస్తోందంటే మీరు చేసినది ట్రైనింగ్ కాదు.

జాబ్‌జాబ్‌క్రాస్
@మెల్లగా_కొట్టు చాలావరకు ఒప్పుకుంటా, కానీ ఎప్పుడూ తట్టుకుంటూ ఉంటే అది డ్యాన్స్ అయిపోతుంది. లైట్ స్పారింగ్‌లో ఎవడూ దెబ్బకి భయపడడు కాబట్టి తెరిచిన గార్డ్‌తో లోపలికి నడిచేస్తారు. మొదటిసారి నిజమైన దెబ్బ తగిలితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా కూడా ఆడాలి.

మెల్లగా_కొట్టు
పోటీకి వెళ్లేవాడికి అవును, పోటీకి ముందు కొన్ని వారాలు, కోచ్ కళ్ల ముందు. పొద్దున ఆఫీసుకెళ్లి లెక్కలు చూసుకోవాల్సినవాడికి ఎందుకండీ?

జాబ్‌జాబ్‌క్రాస్
పొద్దున ఆఫీసుకెళ్లి లెక్కలు చూసుకునేవాణ్ణే నేను. అదే భయం నాది కూడా. సరే.

నేల_విడిచి_సాము_చేయను
మాకు ఇక్కడ ఒక సుఖం ఉంది. గొంతు పట్టు సరిగ్గా పడితే మెడకి రెండు పక్కలా రక్తం ఆగి పది సెకన్ల అటూ ఇటూగా మనిషి స్పృహ తప్పుతాడు. అందుకే ముందే ట్యాప్ చేస్తాం, వదిలేస్తాం, నవ్వుకుని మళ్లీ మొదలుపెడతాం. పూర్తి బలంతో ఆడినా తలకి దెబ్బ ఉండదు. దానికి బదులు వేళ్లు వంకర పోతాయి, చెవులు కాలీఫ్లవర్ అవుతాయి. మా అమ్మ నా చెవి చూసి ఇంకా ఏడుస్తుంది.

ఒంటి_గ్లవ్
స్టైల్స్ కలిపి ఆడటం గురించి ఒక సరదా సంగతి. 1976 జూన్ 26, టోక్యో, బాక్సర్ ముహమ్మద్ అలీ వర్సెస్ ఇనోకీ. ఇనోకీ ప్రొఫెషనల్ రెజ్లర్. 15 రౌండ్లలో ఎక్కువ భాగం నేల మీద వెల్లకిలా పడుకుని అలీ కాళ్లని తన్నుతూనే ఉన్నాడు. ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ చుట్టూ తిరుగుతూ లే, లే అంటాడు, వాడు లేవడు. చివరికి డ్రా. చూడటానికి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ పోయారు. అలీ కాళ్లు వాచిపోయి ఆసుపత్రి పాలయ్యాడు.

తెల్లబెల్టు_శాశ్వతం
పడుకుని చేసే మార్షల్ ఆర్ట్ ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటి నాకు.

రెఫరీ_మావయ్య
నవ్వుకున్నా సరే, ఇనోకీ రూళ్ల పుస్తకం చదువుకుని వచ్చాడు. నిలబడితే అలీ చేతులు, పడుకుంటే ఇనోకీ కాళ్లు. తనకి అనుకూలమైన చోటు వదిలి కదల్లేదంతే. అందుకే చెప్తున్నా గోధుమ బెల్టు తమ్ముడూ, నువ్వు ఆ బాక్సర్‌తో చేతుల దూరంలో ఎందుకు నిలబడ్డావు? నీ కాలు అతని చెయ్యి కంటే పొడుగు కదా.

గోధుమ_బెల్టు
...నాకు తట్టలేదు మావయ్యా.

శ్వాస_మీద_ధ్యాస
నేను తైచీ చేస్తాను. 2017లో చైనాలో ఎంఎంఏ (అన్ని స్టైళ్లూ కలిపి ఆడే ఆట) మనిషి షు షియావోడాంగ్ ఒక తైచీ మాస్టర్‌ని అర నిమిషం కూడా కాకుండా పడగొట్టిన వీడియో అందరూ నాకు పంపిస్తుంటారు, ఇక్కడ కూడా ఎవరో పెడతారు కాబట్టి నేనే పెట్టేస్తున్నా. నేను మోకాళ్ల కోసం, నిద్ర కోసం చేస్తున్నా. బాగానే పనిచేస్తోంది. దాన్ని కొట్లాట అని అమ్మేవాళ్లతోనే నాకూ పేచీ.

మోకాలు_పోయింది
మోకాళ్లకి పనిచేస్తోందా? వివరాలు మెసేజ్ పెట్టండి.

గోధుమ_బెల్టు
ఆరు వారాల తర్వాత వచ్చాను, అప్‌డేట్ ఇస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు కానీ ఇస్తున్నా.

డోజో మానలేదు. మా సీనియర్లు ఇద్దరిని పట్టుకుని, క్లాసు అయ్యాక పావుగంట @మెల్లగా_కొట్టు గారు చెప్పిన జాబ్ ఆట ఆడుతున్నాం. మొదటి వారం కళ్లు మూసుకుపోతూనే ఉన్నాయి. మూడో వారంలో ఒకసారి గ్లవ్ కుట్టు కనపడింది. అంటే నా మొహం మీదికి వస్తున్న గ్లవ్ మీద తెల్ల దారం, ఒకచోట ఊడిపోయి వేలాడుతోంది. అది చూశానంటే కన్ను తెరిచే ఉందన్నమాట! ఆ సంతోషంలో దెబ్బ తిన్నాను, అది వేరే సంగతి.

నిన్న అదే ఫ్రెండ్‌తో మళ్లీ మూడు రౌండ్లు. ఓడిపోయా. కానీ ఈసారి మావయ్య మాట విని దూరంగా నిలబడి, వాడు అడుగు వేసినప్పుడల్లా ముందు కాలితో పొట్టలో ఆపా. రెండుసార్లు వాడి జాబ్ గాల్లోనే ఆగిపోయింది. ఒకసారి లోపలికి దూకి గ్యాకు జుకి దిగింది. చెయ్యి నడుం దగ్గరికి పోలేదు! రెండోది వేశా, మూడోది వేశా, నాలుగోదానికి వాడు మీదికొచ్చి చేతులు చుట్టేసి క్లించ్ పట్టుకుని "ఏంట్రా ఇవాళ ఆగడం లేదు" అన్నాడు.

ఇంతలో మౌత్‌గార్డ్ ఊడి కింద పడింది. మరిగే నీళ్లలో పెట్టి పళ్లకి అచ్చు తీసుకోవాలి కదా, అది నాకు సరిగ్గా కుదరడం లేదు. ఎంతసేపు ఉంచాలి?

జాబ్‌జాబ్‌క్రాస్
ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే. ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. తీశాక కొరుకుతూ పెదాల మీంచి వేళ్లతో గట్టిగా నొక్కండి, గాలి లోపలికి పీల్చండి.

తెల్లబెల్టు_శాశ్వతం
ఫోన్ వచ్చిందని నేను నీళ్లలో వదిలేసి వెళ్లా. తిరిగొచ్చేసరికి ముద్దయిపోయింది. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఏ దవడకీ పట్టదు.

కాటా_కామేశం
@గోధుమ_బెల్టు ముందు కాలితో ఆపడం ఏ కాటాలో ఉందో చెప్పమంటారా?

గోధుమ_బెల్టు
చెప్పండి కామేశం గారూ, ఈసారి వింటా.